కోత పండుగ వేలంలో గిటార్ డబ్బా

నా గొంతు మిరపకాయల గిర్నిలో పోయింది. పెళ్లికి ముందు మేడ్చల్‌లో ఒక కారం గిర్నిలో పని చేశాను. ముక్కుకు కొంగు కట్టుకున్నా ఆ ఘాటు లోపలికి పోతూనే ఉండేది. గిర్ని మానేసినా గొంతు మళ్లీ బాగుపడలేదు. మాట్లాడితే గరగర, పాడితే ఇంకా గరగర. చర్చిలో ఆడవాళ్ల మధ్య కూర్చుని పాట ఎత్తుకుంటే ముందున్నవాళ్లు వెనక్కి తిరిగి చూసేవాళ్లు. ఒక పెద్దామె మంచిగానే చెప్పింది, "బిడ్డా, నువ్వు మనసుల పాడుకో, దేవుడు ఇంటడు" అని. అప్పటి నుంచి పెదాలు మాత్రం కదిపేదాన్ని.

నాకు సంతకం వరకే వచ్చు. ఇదంతా నోటితో చెప్తున్నాను, రాసేవాళ్లు రాస్తున్నారు.

మా ఆయన జీడిమెట్లలో ట్రాన్స్‌ఫార్మర్లకు రాగి తీగ చుట్టే పని చేసేవాడు. పొద్దంతా అక్కడ చుట్టి, ఇంటికొచ్చి మళ్లీ తీగే చుట్టేవాడు. ఇంటి దగ్గర చుట్టేది గిటార్ డబ్బాల కోసం. గిటార్ వాయించేవాళ్లు దాన్ని ఆంప్ అంటారు, మా ఇంట్లో డబ్బా అనే పేరే స్థిరపడింది. గిటార్ వైరు దానికి తగిలిస్తే శబ్దం దాని స్పీకర్‌లోంచి వస్తుంది. అంగడిలో దొరికేవి వేరు. ఈయన చేసేవాటిలో పాతకాలం రేడియోల్లో ఉండే గాజు వాల్వులు ఉంటాయి. స్విచ్ వేయగానే మోగవు. వాల్వులు కాగాలి, లోపల పొయ్యిలో నిప్పులాగా ఎర్రబడాలి, కాలిన దుమ్ము వాసన రావాలి. అప్పుడు మెల్లగా గుయ్‌మని మొదలవుతుంది.

ఒక్కో డబ్బా ఒక్కో మనిషి కోసమే. ముందు వాళ్లు వాయించేది చూసేవాడు, చెయ్యి బరువా తేలికా అని. సికింద్రాబాద్ నుంచి, ఇంకా దూరం నుంచి వచ్చి మా వంటింటి గడప మీద కూర్చుని వాయించి చూసుకునేవాళ్లు. వాళ్ల మాటలు నాకు భలే తమాషా. ఒకతను, "చిన్నగ మీటితే నవ్వాలి అంకుల్, గట్టిగ మీటితే తిట్టాలి" అనేవాడు. ఇంకొకతను కళ్లు మూసుకుని, "పోయినసారి కంటే పలుచబడింది" అనేవాడు, పులుసు గురించి చెప్పినట్టు. మా ఆయన ఒక్కదానికీ నవ్వేవాడు కాదు. తల ఊపి, మూత విప్పి, మళ్లీ తీగలు ముందేసుకునేవాడు.

ఒకరోజు ఎవరో మరమ్మతుకు వదిలిపెట్టిన గిటార్ గోడకు ఆనించి ఉంటే వేలితో ఒక తీగ లాగి వదిలాను. మా ఆయన వెనకే ఉన్నాడు.

"ఏందే, దొంగలెక్క ముట్టుకుంటున్నవ్? కూసో. మంచిగ ఒళ్లె పెట్టుకో."

"నాకెందుకయ్యా గివన్ని? ఎవలన్న జూస్తె నవ్వుతరు."

"నవ్వనియ్యి. నవ్వెటోళ్లకు టికెట్ పెడదాం."

అట్లా నేర్చుకున్నాను. నాకు అక్షరాలు రావు, ఆయనకు చెప్పే ఓపిక లేదు, అయినా వేళ్లు నేర్చుకున్నాయి. పాత గిటార్ ఒకటి బాగుచేసి నాకని పక్కన పెట్టాడు. ఆ తర్వాత నా కోసం డబ్బా కూడా చేశాడు. ఆటో సీట్లు కుట్టేవాడి దగ్గర మిగిలిన పచ్చ రెగ్జిన్ తెచ్చి తొడిగాడు. నేను బొటనవేలి కండతో మీటుతాను, అందరిలాగా ప్లాస్టిక్ ముక్క పట్టి మీటను. ఆ మెత్తదనానికి సరిపడేలా చేశాడు.

దాని సంగతి ఎట్లా చెప్పాలి? నవారు మంచం మీద కూర్చుంటే ముందు కొంచెం లోపలికి దిగి, తర్వాత మనల్ని పట్టి ఆపుతుంది కదా. తీగ మీటితే ఈ డబ్బా అట్లా చేస్తుంది. ముందు ఒక్క పిసరు లొంగుతుంది, ఆ తర్వాత శబ్దాన్ని లేపి ఇస్తుంది. చర్చిలో మైకులన్నీ కలిపే కొత్త మిక్సర్ బోర్డు వచ్చినప్పుడు గిటార్‌ను నేరుగా అందులో పెట్టి ఒకసారి వాయించి చూశాను. బండ మీద కూర్చున్నట్టే ఉంది. మళ్లీ ముట్టుకోలేదు.

డబ్బా నా చేతికొచ్చిన మొదటి సాయంత్రం కొంచెం గట్టిగా మీటేసరికి డబ్బా గరగరమంది. అచ్చం నా గొంతే. సిగ్గేసి చెయ్యి వెనక్కి లాక్కున్నాను.

"ఎందుకు గుంజుకున్నవ్?" అన్నాడు మా ఆయన. "గా గరగర కోసమే సికింద్రాబాద్ పోరగాండ్లు నా సుట్టు తిరుగుతున్నరు. నీకు గిర్నిల ఊకనే దొరికింది."

ఇంకో సంగతి కూడా ఆయన దగ్గరే తెలుసుకున్నాను. ఆ డబ్బా కరెంటును బట్టి ఉంటుంది. ఆదివారం కంపెనీలు బంద్ కాబట్టి మా దగ్గర కరెంటు నిండుగా వస్తుంది, అప్పుడు డబ్బా బిర్రుగా, కసురుతున్నట్టు మోగుతుంది. పనిరోజు సాయంత్రం చుట్టూ మిషన్లన్నీ నడుస్తుంటే వోల్టేజీ పడిపోతుంది. లైటు గుడ్డిగా అయిపోతుంది. అందరూ కరెంటోళ్లను తిట్టుకునే ఆ వేళలోనే డబ్బా మెత్తబడి, తేనెపాకం లాగా సాగుతుంది. ఫ్యాన్ తిరక్కపోతే నేను సంబరపడేదాన్ని.

పోయిన ఏడు మా ఆయన డ్యూటీలోనే గుండె ఆగిపోయి చనిపోయాడు. ఏడ్చాను. ఏడవలేదని ఎవరూ అనలేరు. ఆయన సామాను, టంకం కడ్డీలు, తీగ చుట్టలు, సగం చేసిన డబ్బాలు అన్నీ అడిగినవాళ్లకు ఇచ్చేశాను. పెద్దగా బాధ అనిపించలేదు. కానీ సమాధి కూడిక అయిపోయి చుట్టాలు వెళ్లిపోయాక, సాయంత్రం లైటు గుడ్డిగా అవుతుంటే నా చెయ్యి స్విచ్ మీదికి పోయింది. ఆయన గుర్తుకొచ్చి వాయించానని చెప్తే బాగుంటుంది. అది నిజం కాదు. ఆ శబ్దం కోసం నాకు ఆకలేసింది. సరిగ్గా అన్నం కోసం వేసినట్టే.

రోజూ వాయించాను. తలుపు వేసుకునే వాయించేదాన్ని, కానీ డబ్బా గొంతు తలుపుకు ఆగేది కాదు.

మా యారాలు, అంటే మా మరిది భార్య, పక్కింట్లోనే ఉంటుంది. నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది. ఒకరోజు చిక్కుడుకాయలు తెచ్చి నా ముందు పోసింది. ఒలుచుకుంటూ, నా ముఖం వైపు చూడకుండా మొదలుపెట్టింది.

"అక్కా, ఒక మాట అంట, గుస్స గావద్దు."

"అనకముందే ఎందుకు గుస్స?"

"గల్లీల మస్తు మంది అనుకుంటున్రు. ఏడాది గూడ నిండలే, గామె గిటార్ కొట్టుకుంటాంది, జర సిగ్గన్న లేదు అని."

"ఎవలు?"

"ఎవలైతేంది? నాకైతే మంచిగనే ఇనబడ్తది. మా ఆయన గూడ టీవీ సప్పుడు తగ్గిచ్చి ఇంటడు. కని జనం నోరు మనం మూస్తమా?"

చిక్కుడు ఈనె తీస్తూ తీస్తూ కాయనే తుంచేశాను. ఆమె అన్నందుకు కాదు. గల్లీ అంతా నా ఆకలిని వింటున్నారని అప్పుడు తెలిసింది. ముసుగు లేకుండా బజార్లో నిలబెట్టినట్టు అనిపించింది. ఆ రాత్రే ఒట్టు పెట్టుకున్నాను, ఈ డబ్బాను కోత పండుగకు దేవునికి ఇచ్చేస్తానని.

మా సంఘంలో కోత పండుగ అంటే ఎవరి కష్టం వాళ్లు తెచ్చి మందిరంలో బల్ల ముందు పెడతారు. పక్క ఊరు రావల్కోల్ వాళ్లు మక్కకంకులు, కూరగాయలు తెస్తారు. ఒకరు కోడిపుంజు, ఒకరు అరిసెలు, కుట్టేవాళ్లు కుట్టిన జాకెట్టు. ప్రార్థన అయ్యాక వేలం పాడతారు. వచ్చింది చర్చికి. వేలంలో దక్కినదాన్ని కొందరు ఇంటికి తీసుకుపోతారు, కొందరు మళ్లీ అక్కడే పెట్టేస్తారు. ఒకే గుమ్మడికాయ నలుగురి చేతులు మారిన సందర్భాలు ఉన్నాయి. అయితే ఇచ్చినది ఇచ్చినవాళ్లే తిరిగి అడగరు. అడగకూడదని ఎవరూ చెప్పరు, చెప్పాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు.

అయ్యగారికి ముందే చెప్పాను. మా పాస్టరుగారిని అయ్యగారు అంటాం. ఆయన సంతోషపడ్డారు. డబ్బాకు మంచి ధర రావాలని మా ఆయన దగ్గర ఒకప్పుడు డబ్బా చేయించుకున్న సికింద్రాబాద్ గిటార్ అతనికి ఫోను కూడా చేయించాను, "చిన్నగ మీటితే నవ్వాలి" అనేవాడే. పండుగ శనివారం సాయంత్రం. అతను కారులో వచ్చాడు, గడ్డం అక్కడక్కడ నెరిసింది.

"ఆంటీ, నిజంగానే ఇచ్చేస్తున్నారా?" అని అడిగాడు.

"ఇచ్చేసిన. గిప్పుడు నాది గాదు."

మా సంఘ పెద్ద ఒకాయన వేలం పాడిస్తాడు. లారీ నడిపి మానేశాడు, మైకు లేకపోయినా మేడ్చల్ చెక్‌పోస్టు దాకా వినబడే గొంతు. కోడిపుంజు అయిపోయింది, మక్కకంకులు అయిపోయాయి. నా డబ్బాను ఎత్తబోయి నడుం పట్టుకున్నాడు.

"వదినె, గిండ్ల ఏం బెట్టినవ్? బండరాళ్లా?"

అందరూ నవ్వారు.

"గిటార్ మోగే డబ్బా," అన్నాను.

"మోగుతదని మాకేం ఎర్క? కోడిపుంజు ఇందాక కూసి జూపిచ్చింది. గిది గూడ కూయాలె గద?"

"మోగిచ్చమను, మోగిచ్చమను," అని వెనక నుంచి మగవాళ్లు అరిచారు.

నా గిటార్ కూడా ఇచ్చేద్దామని తెచ్చి పెట్టాను, అందుకని తప్పించుకోవడానికి లేదు. స్టూలు వేశారు. వైరు తగిలించి స్విచ్ వేశాను. వాల్వులు కాగేదాకా అందరూ నా ముఖమే చూస్తున్నారు. అంతలో హాల్లో లైట్లు గుడ్డిగా అయిపోయాయి. రోజూ ఆ వేళకు అయ్యేదే.

"ఆగు వదినె," అన్నాడు పెద్దాయన. "లో వోల్టేజి. జనరేటర్ మీదికి మారుస్త."

"వద్దు! గిట్లనే ఉండనియ్యి," అన్నాను.

ఎంత గబుక్కున అన్నానంటే నాకే తలదించుకోవాలనిపించింది. ఇచ్చేసిన వస్తువు. ఏ కరెంటు మీద మోగితే నాకేం? కానీ చివరిసారి మంచిగా మోగాలని నా లోపల ఎవరో పట్టుబట్టారు.

అందరం పాడుకునే పాటే వాయించాను. మొదటి చరణం మెత్తగా, బొటనవేలు తీగకు ఆనీ ఆననట్టు. డబ్బా నా వేలి కింద లొంగి లేస్తోంది. పల్లవికి వచ్చేసరికి గట్టిగా మీటాను. హాలంతా గరగరమంది. ఇన్నేళ్లు మింగిన గొంతంతా ఆ స్పీకర్లోంచి బయటికి వచ్చింది. ఒక పాటతో ఆపాలి, చూపించడానికి అంతే చాలు. నేను ఆపలేదు. మళ్లీ మొదటికి పోయాను, మళ్లీ పల్లవికి వచ్చాను. ఒక చోట తీగను పక్కకు నొక్కి పట్టుకుంటే శబ్దం చావకుండా అట్లాగే పాడుతూ నిలబడింది. నేను నవ్వుతున్నానని నాకు తెలియదు.

కళ్లు తెరిస్తే కొంగు నెత్తి మీది నుంచి జారి ఉంది. కాలు తాళం వేస్తోంది. మా యారాలు నోరు తెరుచుకుని చూస్తోంది. మగడు పోయి ఏడాది నిండని మనిషిని, సంఘం అంతటి ముందు, కాలు ఆడిస్తూ పళ్లు బయటపెట్టి కూర్చున్నాను. ముఖం భగ్గుమంది. కొంగు లాక్కుని పక్కకు వెళ్లి నిలబడ్డాను.

వేలం పాట మొదలైంది. ఒక కిరాణా కొట్టు ఆయన సరదాకు మొదటి ధర అన్నాడు. సికింద్రాబాద్ అతను పైకి పాడాడు. కిరాణా ఆయన నవ్వి కూర్చున్నాడు.

"పట్నపాయన పాట! ఒకటోసారి," అన్నాడు పెద్దాయన. "రెండోసారి..."

నా చెయ్యి లేచింది.

ముందు ఎవరికీ అర్థం కాలేదు. పెద్దాయన నా వెనక ఎవరైనా ఉన్నారా అని చూశాడు.

"ఎవలు? వదినె, నువ్వా?"

"నేనే. పాడుతున్న," అన్నాను. గొంతు ఇంకా బొంగురుపోయింది.

"నువ్విచ్చింది నువ్వే పాడుతవా?" అని నవ్వాడు, పరాచికం అనుకుని. నేను నవ్వలేదు. పెద్దాయన నవ్వు కూడా ఆగిపోయింది. గిటార్ అతను తెలియక ఇంకోసారి పైకి పాడాడు, నేను వెంటనే ఇంకా పైకి పాడాను. అప్పుడతను నన్ను చూశాడు. చెయ్యి మెల్లగా దించి ఒళ్లో పెట్టుకున్నాడు. నా మీద జాలిపడి దించాడు. ఎంతకు పాడానో చెప్పలేను, చెప్పడానికి నోరు రాదు.

మా యారాలు ఉన్నట్టుండి లేచి నిలబడింది.

"బావ చేతితోని చేసింది గద! బావ గుర్తు! ఎట్ల ఇడుస్తది పాపం?"

"అయ్యో, గదే గద," అని ఆడవాళ్లందరూ ఒక్కసారి కదిలారు. ఒకామె అప్పుడే కళ్లు తుడుచుకుంటోంది. నేను కూడా కొంగు కళ్లకు అద్దుకుంటే చాలు, అక్కడితో అయిపోయేది. కొంగు పట్టుకున్నాను. కన్నీళ్లు రాలేదు. నా కళ్లు డబ్బా మీదే ఉన్నాయి, స్విచ్ ఆపలేదు, లోపల ఇంకా ఎర్రగా ఉందని చూస్తున్నాను.

అయ్యగారు నా ఇబ్బంది కనిపెట్టారు. మంచి మనిషి. దగ్గరికి వచ్చి అందరికీ వినబడేలా, "అమ్మా, దీన్ని మందిరంలనే పెడ్దాం. ఆదివారం ఆరాధనల దేవుని కోసం నువ్వే వాయించు. గందుకే పాడినవ్ గద?" అన్నారు.

దారి తెరిచి పట్టుకున్నారు. తల ఊపడమే మిగిలింది. ఊపితే నా పరువు నిలబడేది, ఇంకా పెరిగేది కూడా. ఊపుదామనే అనుకున్నాను. కానీ ఆదివారం, నిండు కరెంటు మీద, కొంగు సర్దుకుంటూ, నలుగురూ చూస్తుంటే వాయించడం కళ్ల ముందు కనబడింది. అది నాకు కావాల్సింది కాదు. బల్ల ముందు నిలబడి దేవుని పేరు చెప్పి అబద్ధం ఆడటానికి నోరు పెగల్లేదు.

"కాదు అయ్యగారు," అన్నాను. "మందిరం కోసం గాదు. ఆయన గుర్తు కోసం గూడ గాదు. నాకే కావాలె. గా సప్పుడు నాకు కావాలె."

అంత చిన్నగా అన్నా అందరికీ వినబడింది. ఎవరో దగ్గారు. అయ్యగారు నేల వైపు చూశారు. నిలబడిన మా యారాలు కూర్చుంది. ముందు వరుసలో ఒకామె తన మనవరాలిని దగ్గరికి లాక్కుంది, నా నుంచి ఏదో అంటుకుంటుందన్నట్టు. కళ్లు తుడుచుకున్న ఆమె తన కొంగు చూసుకుంటోంది, ఊరికే తడిసిందని.

పెద్దాయన బల్ల మీద గట్టిగా చరిచాడు. "మూడోసారి! డబ్బా వదినెకే. ఇగ గుమ్మడికాయ ఎవలు పాడుతరు? జల్దీ చెప్పుండ్రి, చీకటి పడ్తాంది!"

ఆ గుమ్మడికాయకు నేను ఎప్పటికీ రుణపడి ఉంటాను. అందరూ దాని వైపు తిరిగారు.

పండుగ అయ్యేదాకా ఆగలేదు. డబ్బాను వాకిట్లోకి ఈడ్చుకొచ్చాను. గిటార్ అతను వెనకే వచ్చాడు.

"ఆంటీ, నేను రెండోసారి పాడకుండా ఉండాల్సింది. కారులో దింపనా?"

"వద్దు బిడ్డా. నువ్వు ఇంత దూరం ఊకనే వచ్చినవ్, నా వల్లనే."

"ఊరికే ఏం కాదు. దాన్ని విన్నాను కదా," అన్నాడు. ఆ మాటకు సంతోషం వేసింది. వేసినందుకు మళ్లీ సిగ్గేసింది. అతని ముఖం చూడలేక వైరు చుట్టుకుంటూ కూర్చున్నాను, అతను వెళ్లిపోయేదాకా.

నా గిటార్ వేలంలోకి రాకముందే యారాలు దాన్ని ఎత్తుకొచ్చేసింది. సంకకు తగిలించుకుని, డబ్బా పిడి ఒకవైపు పట్టింది. నేను ఇంకోవైపు పట్టాను. డబ్బా లోపలి ట్రాన్స్‌ఫార్మర్ల బరువుకు ఇద్దరం వంగిపోయి నడుస్తున్నాం. రోడ్డు మీద లారీలు దుమ్ము లేపుకుంటూ పోతున్నాయి.

"ఒక్క అబద్ధం ఆడితె నీ సొమ్మేం పోతుండె?" అంది. "నేను ఆడిన గద నీ కోసం! గంతమందిల లేసి ఆడిన!"

"నీకు తల వంపులు తెచ్చిన చెల్లె."

"తెచ్చినవ్. మస్తు తెచ్చినవ్. ఆదివారం ఏం మొఖం పెట్టుకొని వస్తవ్?"

"గిదే మొఖం. ఇంకోటి యాడ తేవాలె?"

ఆమెకు నవ్వు వచ్చింది. నవ్వకూడదని పళ్లు బిగబట్టింది. కొంచెం దూరం పోయాక, "చేతులు గుంజుతున్నయ్, దించు," అంది. దించాం. చేతులు మార్చుకున్నాం.

"అమ్మో, గిదింక ఉడుకుడుకు ఉన్నదేంది?" అని చెయ్యి లాక్కుంది.

"సల్లారడానికి టైం పడ్తది," అన్నాను. కొంగు మడిచి ఆమె చేతి కింద పెట్టాను. ఎదురొచ్చేవాళ్లలో మా సంఘంవాళ్లు ఎవరైనా ఉన్నారేమోనని తల దించుకునే ఉన్నాను. ఇద్దరం మళ్లీ లేపాం.